పొట్టలోని పెరడు



ఇలాంటి పిల్లల్ని మన వాడలో చూస్తూనే ఉంటాం. ఒకే ఇల్లు. ఒకే తల్లి. ఒకే కుండలో వండిన అన్నం. ఒక బిడ్డ బొద్దుగా ఎదుగుతాడు. ఇంకో బిడ్డ ఎంత పెట్టినా ఒళ్ళు చెయ్యడు. కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉంటాయి. పొట్ట మాత్రం ముందుకొస్తుంది.

అప్పుడు చుట్టుపక్కల వాళ్ళు ఏమంటారు? "తల్లి సరిగ్గా పెట్టడం లేదు" అంటారు. "దిష్టి తగిలింది" అంటారు. తాయెత్తు కట్టిస్తారు. చివరికి నింద అంతా తల్లి మీదే పడుతుంది.

తిండి చాలకపోతే బిడ్డ చిక్కిపోతాడు. అందులో అనుమానం లేదు. మంచి నీళ్ళు దొరక్కపోయినా, మాటిమాటికీ విరేచనాలు అయినా చిక్కిపోతాడు. మరి కొందరు పిల్లలు తిండి పెట్టినా ఎందుకు తేరుకోరు? పెట్టిన తిండి ఎటు పోతోంది?

ఈ ప్రశ్న వెంట పడిన శాస్త్రవేత్త ఒకరున్నారు. ఆయన పేరు జెఫ్రీ గోర్డన్. ఆయనది అమెరికా దేశం. ఆయన పరిశోధన అమెరికాలో ఎలుకలతో మొదలైంది. ఆఫ్రికాలోని మలావి పల్లెలకు చేరింది. అక్కడి నుంచి బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలోని బస్తీకి వచ్చింది. ఆ కథ చదువుదాం.

పొట్టలో ఎవరున్నారు?

రాత్రి పాలు తోడు పెడతాం. చెంచాడు పెరుగు వేస్తాం. తెల్లారేసరికి గిన్నెడు పాలూ పెరుగవుతాయి. ఇడ్లీ పిండి రుబ్బి పెడతాం. పొద్దుటికి పొంగుతుంది. మనం నిద్రపోతుంటే ఈ పని ఎవరు చేశారు?

కంటికి కనిపించని జీవులు చేశాయి. వీటినే సూక్ష్మజీవులు అంటారు. ఇవి మట్టిలో ఉంటాయి. నీళ్ళలో ఉంటాయి. మన చర్మం మీద, నోట్లో, పేగుల్లో కూడా ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువ ఉండేది పెద్ద పేగులో.

ఎన్ని ఉంటాయి? ఒక పెద్ద మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల సూక్ష్మజీవులు ఉంటాయని 2016లో లెక్క వేశారు. మన ఒళ్ళు చిన్న చిన్న కణాలతో తయారైంది. ఆ కణాలు ఎన్నో, సూక్ష్మజీవులూ దాదాపు అన్ని ఉంటాయన్నమాట.

"అమ్మో! అన్ని క్రిములే! మరి జబ్బు చెయ్యదా?" అని అడుగుతారేమో.

కలరా, టైఫాయిడ్, క్షయ తెచ్చేవి కూడా సూక్ష్మజీవులే. అయితే అన్నీ అలాంటివి కావు. మన పెరడు చూడండి. అందులో బీర పాదు ఉంటుంది. తోటకూర ఉంటుంది. కలుపు కూడా ఉంటుంది. కూర మొక్కలు ఒత్తుగా ఉంటే కలుపుకి చోటు దొరకదు. పొట్టలోని పెరడు కూడా ఇంతే. మంచివి నిండుగా ఉంటే చెడ్డవాటికి చోటు తక్కువ.

ఈ మంచి సూక్ష్మజీవులు మనకి పని చేసి పెడతాయి. ఆకుకూరల్లో, కాయల్లో, పప్పుల్లో పీచు ఉంటుంది. దాన్ని మన ఒళ్ళు తనంత తాను అరిగించుకోలేదు. సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. అందులోని సత్తువ కొంత మనకి అందిస్తాయి. కొన్ని విటమిన్లు కూడా తయారు చేస్తాయి.

ఇంకో వింత వినండి. తల్లిపాలలో కొన్ని రకాల చక్కెరలు ఉన్నాయి. అవి బిడ్డకి అరగవు. మరి పాలలో ఎందుకున్నాయి? అవి బిడ్డ పేగుల్లోని మంచి సూక్ష్మజీవులకు తిండి. అంటే తల్లి పాలిచ్చేటప్పుడు బిడ్డకీ పెడుతోంది, బిడ్డ పొట్టలోని పెరడుకీ నీళ్ళు పోస్తోంది.

పేగుల డాక్టరు

జెఫ్రీ గోర్డన్ 1947లో పుట్టారు. అమెరికాలోని న్యూ ఓర్లీన్స్ ఆయన పుట్టిన నగరం. 1973లో షికాగో విశ్వవిద్యాలయంలో డాక్టరు చదువు పూర్తి చేశారు. 1981లో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరారు. అక్కడే ఏళ్ళ తరబడి పరిశోధన చేశారు.

మొదట ఆయన చూసింది సూక్ష్మజీవుల్ని కాదు, పేగుల్ని. పేగు లోపలి పొర కొద్ది రోజులకోసారి రాలిపోయి కొత్తది వస్తుంది. ఈ పొర ఎలా తయారవుతుంది? ఎక్కడ ఏ కణం ఉండాలో ఎవరు చెప్తారు? ఇదీ ఆయన మొదటి ప్రశ్న.

ఈ ప్రశ్నకి జవాబు వెతుకుతుంటే సూక్ష్మజీవులు అడ్డం వచ్చాయి. ఆ పొరను ఆనుకుని కోట్ల కొద్దీ జీవులు ఉన్నాయి. వాటిని వదిలేసి పేగు సంగతి తెలుసుకోవడం ఎలా కుదురుతుంది?

అందుకని ఆయన ప్రత్యేకమైన ఎలుకలతో పని మొదలుపెట్టారు. వాటి ఒంట్లో ఒక్క సూక్ష్మజీవి కూడా ఉండదు. అవి మూసిన ప్లాస్టిక్ గదుల్లో పుట్టి పెరుగుతాయి. వాటికి ఇచ్చే గాలి, నీళ్ళు, తిండి అన్నీ క్రిములు లేకుండా శుద్ధి చేసినవే. ఇలాంటి ఎలుకకు ఒకే ఒక రకం సూక్ష్మజీవిని ఇచ్చి, ఏం మారుతుందో చూడొచ్చు.

1996లో ఒక వింత బయటపడింది. ఒక రకం సూక్ష్మజీవిని ఎలుక పేగులోకి పంపారు. పేగు తన గోడ మీద ఒక చక్కెరను తయారు చేయడం మొదలుపెట్టింది. ఆ చక్కెర ఆ సూక్ష్మజీవికి తిండి. అంటే కిరాయికి వచ్చిన మనిషి ఇంటి యజమాని చేత తనకి కావలసిన వంట చేయించుకున్నట్టు! సూక్ష్మజీవీ పేగూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయని అర్థమైంది.

2004లో మరో సంగతి తెలిసింది. మామూలు ఎలుక పేగుల్లోని సూక్ష్మజీవుల్ని ఏమీ లేని ఎలుకలకు ఇచ్చారు. అవి ముందుకంటే తక్కువే తిన్నాయి. అయినా రెండు వారాల్లో వాటి ఒంట్లో కొవ్వు సుమారు 60 శాతం పెరిగింది. తిన్న తిండి నుంచి ఎంత సత్తువ ఒంటికి పడుతుందో పేగుల్లోని జీవుల మీద కూడా ఆధారపడి ఉందన్నమాట.

గోర్డన్ బృందానికి ఇక్కడ ఆలోచన తట్టింది. సూక్ష్మజీవులు ఒంటికి కొవ్వు పట్టిస్తున్నాయి. మరి అవి సరిగ్గా లేకపోతే ఒళ్ళు పట్టకుండా కూడా పోతుందా?

నాలుగే అక్షరాలు

మనం తెలుగులో 56 అక్షరాలు నేర్చుకున్నాం. వాటితో ఎన్ని మాటలైనా రాయొచ్చు. ప్రతి ప్రాణి ఒంట్లోనూ ఒక రాత ఉంటుంది. తలరాత కాదు. ఇది నిజమైన రాత. దాన్ని డి.ఎన్.ఏ. అంటారు. ఆ రాతలో ఉన్నవి నాలుగే అక్షరాలు. ఏ, టీ, జీ, సీ అని వాటికి పేర్లు పెట్టారు.

ఈ రాతలో ఒక్కో పనికి ఒక్కో వాక్యం లాంటిది ఉంటుంది. దాన్ని జన్యువు అంటారు. మొత్తం పుస్తకాన్ని జీనోమ్ అంటారు. మనిషి పుస్తకంలో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉన్నాయి. సూక్ష్మజీవి పుస్తకం చాలా చిన్నది.

1995లో మొదటిసారి ఒక సూక్ష్మజీవి పుస్తకాన్ని శాస్త్రవేత్తలు మొదటి నుంచి చివరి దాకా చదివారు. అందులో సుమారు 18 లక్షల అక్షరాలున్నాయి. 2003లో గోర్డన్ బృందం మన పేగుల్లో ఉండే ఒక సూక్ష్మజీవి పుస్తకం చదివింది. అందులో సుమారు 62 లక్షల అక్షరాలున్నాయి. 1996లో ఎలుక పేగుతో మాట్లాడింది ఈ జీవే.

ఆ పుస్తకంలో ఏముంది? కాయల్లో, ఆకుల్లో, గింజల్లో ఉండే పీచును విరగ్గొట్టే జన్యువులు ఎన్నో ఉన్నాయి. మన పుస్తకంలో అలాంటివి చాలా తక్కువ. మనకి లేని కత్తులూ కత్తిపీటలూ ఈ జీవి దగ్గర ఉన్నాయి. మన వంటింట్లో మనకి తెలియకుండా కూరలు తరిగేది ఇదే.

పేగుల్లో ఒక్క రకం జీవి ఉండదు. వందల రకాలుంటాయి. అందులో చాలావాటిని ప్రయోగశాలలో పెంచడం కష్టం. గాలి తగిలితే చచ్చిపోయేవి ఉన్నాయి. మరి వాటిని తెలుసుకోవడం ఎలా?

బిడ్డ మలం కొంచెం తీసుకుంటారు. ముక్కు మూసుకోకండి! అందులో పేగుల్లోని జీవులు ఉంటాయి. వాటన్నిటి డి.ఎన్.ఏ.నూ కలిపి బయటికి తీస్తారు. అందులో ఒక జన్యువు ప్రతి సూక్ష్మజీవికీ ఉంటుంది. అది ఇంటి గుమ్మం మీద పేరు పలక లాంటిది. దాన్ని చదివితే పొట్టలో ఎవరెవరున్నారో తెలుస్తుంది.

ఆ జీవులు ఏ పనులు చేయగలవో కూడా తెలియాలంటే మొత్తం రాత చదవాలి. వంద పుస్తకాలు చింపి ముక్కలన్నీ ఒకే గంపలో వేస్తే ఎలా ఉంటుంది? ఆ ముక్కల్ని కంప్యూటరుతో ఏరి, పేర్చి, మళ్ళీ పుస్తకాలుగా అతికిస్తారు.

మన పొట్టలోని జీవులన్నిటినీ, వాటి జన్యువులన్నిటినీ కలిపి మైక్రోబయోమ్ అంటారు. దీన్ని చదవాలని గోర్డన్, ఆయన తోటివారు 2005లో ఒక ప్రణాళిక రాశారు. అమెరికా ప్రభుత్వం 2007లో మనిషి మైక్రోబయోమ్ మీద పెద్ద పథకం మొదలుపెట్టింది.

మూడేళ్ళ లోపే

2012లో గోర్డన్ బృందం మూడు చోట్ల మనుషుల్ని పోల్చి చూసింది. దక్షిణ అమెరికాలోని వెనెజువేలా అడవి ప్రాంతాల వాళ్ళు, ఆఫ్రికాలోని మలావి పల్లెల వాళ్ళు, అమెరికా నగరాల వాళ్ళు. మొత్తం 531 మంది. పసిపిల్లలూ ఉన్నారు, పెద్దవాళ్ళూ ఉన్నారు.

తిండి వేరు, నేల వేరు. పొట్టలోని పెరడు కూడా వేరుగానే ఉంది. ఒక్క విషయం మాత్రం మూడు చోట్లా ఒకలాగే ఉంది. పుట్టిన బిడ్డ పొట్టలో జీవులు మెల్లమెల్లగా మారుతూ పోతాయి. మూడేళ్ళు వచ్చేసరికి పెద్దవాళ్ళ పొట్టలా తయారవుతాయి.

అంటే ఈ పెరడు వేసేది మొదటి మూడేళ్ళలోనే. బిడ్డ ఎముక, మెదడు వేగంగా పెరిగేదీ ఆ వయసులోనే.

మలావి కవలలు

మలావి పేద దేశం. అక్కడ వాళ్ళ తిండి ఎక్కువగా మొక్కజొన్న పిండి. పిల్లల్లో క్వాషియోర్కర్ అనే ఉబ్బు జబ్బు కనిపిస్తుంది. పాదాలు ఉబ్బుతాయి. వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఆకలి ఉండదు. ఈ జబ్బు పేరు ఆఫ్రికాలోని ఘనా దేశపు మాట. తర్వాతి బిడ్డ పుట్టగానే పాలు మానిన పెద్ద బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. ఆ పేరును వైద్య లోకానికి తెలిపింది ఒక ఆడ డాక్టరు. ఆమె సిసిలీ విలియమ్స్. 1930ల నాటి మాట అది. ఆమె తల్లుల్నే అడిగి ఆ పేరు తెలుసుకుంది.

గోర్డన్ బృందం మలావిలో 317 జంటల కవల పిల్లల్ని ఎంచుకుంది. కవలలే ఎందుకు? ఇద్దరిదీ ఒకే తల్లి, ఒకే వయసు, ఒకే ఇల్లు, ఒకే తిండి. తేడా వస్తే దానికి కారణం ఇంకెక్కడో ఉండాలి.

మూడేళ్ళ వయసు వచ్చే దాకా పిల్లల్ని గమనించారు. లెక్క ఇలా తేలింది. ప్రతి 100 జంటల్లో:

50 జంటల్లో ఇద్దరూ బాగున్నారు.
7 జంటల్లో ఇద్దరూ చిక్కిపోయారు.
43 జంటల్లో ఒకరు బాగున్నారు, ఒకరు చిక్కిపోయారు.

ఆ 43 జంటల్ని మరోసారి చూడండి. ఒకే తల్లి, ఇద్దరినీ ఒకే చేత్తో పెంచింది. ఒక బిడ్డ నిలబడ్డాడు, ఒక బిడ్డ పడిపోయాడు.

అప్పుడు ఆ కవలల మలం నుంచి సూక్ష్మజీవుల్ని తీసి ఏమీ లేని ఎలుకలకు ఇచ్చారు. ఎలుకలకు మలావి తిండే పెట్టారు. జబ్బు చేసిన బిడ్డ సూక్ష్మజీవులు అందిన ఎలుకలు బాగా బరువు తగ్గాయి. బాగున్న బిడ్డ సూక్ష్మజీవులు అందిన ఎలుకలకు అంత నష్టం జరగలేదు. తక్కువ రకం తిండి, సరిలేని సూక్ష్మజీవులు, ఈ రెండూ కలిసినప్పుడే ఎక్కువ చేటు జరిగింది. ఈ ఫలితం 2013లో అచ్చయింది.

చిక్కిన పిల్లలకు వేరుశనగ ముద్ద ఇచ్చారు. అందులో వేరుశనగ, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లు ఉంటాయి. ఇది ఎంతోమంది పిల్లల ప్రాణం నిలిపే మందు తిండి. ఇక్కడ కూడా పిల్లలు కోలుకున్నారు. పొట్టలోని జీవులు కూడా కొంత బాగుపడ్డాయి. ముద్ద ఆపగానే మళ్ళీ వెనక్కి పోయాయి.

ప్రాణం దక్కింది. పెరడు మాత్రం సరిగ్గా వేళ్ళూనలేదు.

ఢాకా బస్తీలో

ఢాకాలో ఒక పెద్ద పరిశోధన సంస్థ ఉంది. అతిసార వ్యాధుల మీద పని చేసే అంతర్జాతీయ కేంద్రం అది. విరేచనాలు అయితే మనం ఓ.ఆర్.ఎస్. పొట్లం నీళ్ళలో కలిపి తాగిస్తాం కదా. నోటి ద్వారా ఇచ్చే ఆ ఉప్పు చక్కెర నీళ్ళు కలరా రోగుల్ని నిలబెడతాయని 1968లో చూపించినవారు ఢాకాలోని ఈ సంస్థలో పనిచేసినవారే. 

ఇదే సంస్థలో డాక్టర్ తహ్మీద్ అహ్మద్ పిల్లల పోషణ మీద పని చేశారు. గోర్డన్, అహ్మద్ చేయి కలిపారు. ఢాకాలో మీర్‌పూర్ అనే చోట పేదల బస్తీ ఉంది. అక్కడి పిల్లలతో పని మొదలైంది.

ముందు వాళ్ళు జబ్బు పిల్లల్ని చూడలేదు. బాగా ఎదుగుతున్న పిల్లల్ని చూశారు. నెలనెలా వాళ్ళ మలం నమూనా తీసి, పొట్టలో ఏ నెలలో ఎవరు చేరుతున్నారో రాసుకున్నారు.

బిడ్డ ముందు బోర్లా పడతాడు. తర్వాత పాకుతాడు. తర్వాత నిలబడతాడు. అటు తర్వాత నడుస్తాడు. దీనికి ఒక వరస ఉంది. పొట్టలోని జీవులకూ ఇలాంటి వరసే ఉందని తేలింది. ఆ వరస తెలిస్తే బిడ్డ పొట్ట వయసు చెప్పొచ్చు.

తర్వాత బాగా చిక్కిపోయిన పిల్లల్ని చూశారు. వాళ్ళ పొట్ట వయసు వాళ్ళ అసలు వయసు కంటే వెనకబడి ఉంది. బిడ్డ పెద్దవాడవుతున్నాడు, పొట్టలోని పెరడు మాత్రం పసిగానే ఉండిపోయింది. వైద్యం చేసి మందు తిండి పెడితే కొంత ముందుకు వచ్చింది. కొన్నాళ్ళకు మళ్ళీ వెనకబడింది. ఇది 2014లో బయటపెట్టారు.

ఈ పనికి ఢాకా తల్లులు ఎంతో సాయం చేశారు. బిడ్డల్ని ఎత్తుకుని మళ్ళీ మళ్ళీ వచ్చారు. తల్లిదండ్రులు ఒప్పుకుంటేనే బిడ్డ మీద పరీక్ష చేయాలని నియమం ఉంది. ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో ముందే చెప్పాలి. మన దగ్గరికీ ఎవరైనా అలాంటి కాగితం తెస్తే ఏం చేయాలి? ఇప్పుడు మనకి చదువు వచ్చు. చదవాలి. తెలియనిది అడగాలి. ఇష్టం లేకపోతే వద్దనాలి. ఆ తర్వాతే సంతకం.

ఏ తిండి పెడితే పెరడు ఎదుగుతుంది?

ఇప్పుడు ప్రశ్న మారింది. బిడ్డకి ఏం పెట్టాలి అని ఒక్కటే అడగలేదు. బిడ్డ పొట్టలో వెనకబడిన మంచి జీవులకు ఏం పెట్టాలి అని కూడా అడిగారు.

ఆ తిండి ఢాకాలో దొరికేదై ఉండాలి. పేదవాళ్ళకు అందేదై ఉండాలి. పిల్లలు ఇష్టంగా తినాలి. ఎన్నో దినుసులు ఎలుకల మీద పరీక్షించారు. తర్వాత పందిపిల్లల మీద చూశారు. చివరికి కొద్దిమంది పిల్లలకు ఒక నెల పాటు పెట్టి చూశారు. 2019లో ఒక మిశ్రమం మిగతావాటి కంటే మేలని తేలింది.

అందులో ఏమున్నాయో తెలుసా? శనగపిండి, సోయాపిండి, వేరుశనగ, పచ్చి అరటికాయ గుజ్జు. దానితో పాటు కొంచెం చక్కెర, నూనె, విటమిన్లు, ఖనిజాలు. పాలపొడి లేదు. అన్నీ మన అంగళ్ళలో దొరికే దినుసులే!

తర్వాత పెద్ద పరీక్ష పెట్టారు. మీర్‌పూర్‌లో 12 నుంచి 18 నెలల వయసున్న పిల్లల్ని 123 మందిని తీసుకున్నారు. వాళ్ళు ఒక మోస్తరుగా చిక్కినవాళ్ళు. సగంమందికి కొత్త మిశ్రమం ఇచ్చారు. సగంమందికి అప్పటికే వాడుకలో ఉన్న బియ్యం, పప్పు, పాలపొడి తిండి ఇచ్చారు. ఎవరికి ఏది అన్నది చీటీలు తీసినట్టు నిర్ణయించారు. రోజుకి రెండుసార్లు, మూడు నెలలు పెట్టారు. 118 మంది పిల్లలు చివరి దాకా ఉన్నారు.

పాత తిండిలోనే సత్తువ ఎక్కువ. కొత్త మిశ్రమంలో తక్కువ. అయినా కొత్త మిశ్రమం తిన్న పిల్లలే వేగంగా బరువు పెరిగారు. వాళ్ళ పేగుల్లో మంచి జీవులు పెరిగాయి. ఎముకల పెరుగుదలకీ మెదడు ఎదుగుదలకీ పనికొచ్చే పదార్థాలు వాళ్ళ రక్తంలో ఎక్కువయ్యాయి. 2021లో ఈ ఫలితం అచ్చయింది.

ఎందుకలా జరిగింది? దీనికి జవాబు కోసం మళ్ళీ రాత చదివారు. ఆ పిల్లల పొట్టల్లోంచి 1,000 సూక్ష్మజీవుల పుస్తకాల్ని ముక్కలు పేర్చి కట్టారు. అందులో 75 రకాలు పెరిగినకొద్దీ పిల్లల బరువూ పెరిగింది. వాటిలో ప్రివొటెల్లా కోప్రి అనే జీవి రకాలు రెండు ముఖ్యమని తేలింది. శనగల్లో, వేరుశనగలో, సోయాలో, అరటికాయలో ఉండే పీచు చక్కెరల్ని విరగ్గొట్టే జన్యువులు వాటికి ఉన్నాయి. ఈ ఫలితం 2024లో వచ్చింది.

1996లో ఎలుక పేగుతో మొదలైన ప్రశ్న ఇలా ఒక బిడ్డ గిన్నె దాకా వచ్చింది. మధ్యలో పాతికేళ్ళు గడిచాయి. ఎందరో విద్యార్థులు, నర్సులు, డాక్టర్లు, తల్లులు ఇందులో పాలు పంచుకున్నారు. 2018లో లండన్‌లోని రాయల్ సొసైటీ గోర్డన్‌కు కోప్లీ పతకం ఇచ్చింది. 1731 నుంచి ఇస్తున్న గొప్ప పతకం అది.

తొందరపడకండి

"అయితే రేపే ఈ పిండి కలిపి పెడతాం" అంటారేమో. ఒక్క నిమిషం ఆగండి.

ఆ మిశ్రమాన్ని కొలతలతో, విటమిన్లు కలిపి, శుభ్రంగా తయారు చేశారు. ఒక్క బస్తీలో 123 మందికి పెట్టి చూశారు. అన్ని ఊళ్ళలో, అందరు పిల్లలకూ ఇలాగే పనిచేస్తుందని ఈ ఒక్క పరీక్షతో చెప్పలేం. బాగా నీరసించిన బిడ్డకు ఇది వైద్యం కాదు. ఆ బిడ్డని ఆసుపత్రికే తీసుకెళ్ళాలి.

ఇంకో మాట. సూక్ష్మజీవుల సంగతి తెలిసింది కదా అని పేదరికం మాయం కాదు. పనికి తగ్గ కూలి, మంచి నీళ్ళు, మరుగుదొడ్డి, సమయానికి అంగన్‌వాడీ తిండి, ఇవన్నీ కావాలి. వాటిని అడిగే హక్కు మనకి ఉంది.

మనం చేయగలిగినవి

1. పుట్టిన గంటలోపే బిడ్డకు ముర్రుపాలు పట్టండి. పారబోయకండి. ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలు మాత్రమే ఇవ్వండి. నీళ్ళు, తేనె వద్దు.

2. ఆరు నెలలు నిండాక మెత్తటి తిండి మొదలుపెట్టండి. అన్నం ఒక్కటే కాదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, పండు, కాస్త నూనె ఉండాలి. అంగన్‌వాడీలో ఇచ్చే తిండి బిడ్డకే పెట్టండి. వేరుశనగ గింజల్ని పసిపిల్లలకు అలాగే ఇవ్వకండి. గొంతులో అడ్డం పడతాయి. పొడి కొట్టి కలపండి. రెండేళ్ళ దాకా తల్లిపాలు కూడా ఇవ్వండి.

3. వండే ముందు, తినిపించే ముందు, బిడ్డ మలం కడిగాక సబ్బుతో చేతులు కడుక్కోండి.

4. విరేచనాలు అయితే ఓ.ఆర్.ఎస్. తాగించండి. పాలూ తిండీ ఆపకండి. ఏ.ఎన్.ఎమ్.ను అడిగి జింకు మాత్రలు తీసుకోండి. విరేచనాలు తగ్గినా 14 రోజులూ వేయండి.

5. జ్వరం రాగానే మందుల షాపులో యాంటీబయాటిక్ అడిగి కొనకండి. అది చెడ్డ క్రిములతో పాటు మంచివాటినీ చంపుతుంది. అలాగని డాక్టరు రాసి ఇచ్చింది మధ్యలో ఆపకండి. ప్రాణం నిలిపే మందు కూడా అదే.

6. నెలనెలా అంగన్‌వాడీలో బిడ్డని తూచండి. బరువు గీత మీరే చదవండి. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లలకు చేతి చుట్టుకొలత కూడా తీస్తారు. 12.5 సెంటీమీటర్లకు తగ్గితే జాగ్రత్త పడాలి. 11.5 సెంటీమీటర్లకు తగ్గినా, రెండు పాదాలూ ఉబ్బినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఇరుగు పొరుగులో ఒక బిడ్డ చిక్కిపోతే ఆ తల్లిని నిందించకండి. ఆమెతో కలిసి అంగన్‌వాడీకి నడవండి.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. పాలు పెరుగయ్యేటప్పుడు పని చేసేది ఎవరు?
2. మలావిలో కవల పిల్లల్నే ఎందుకు ఎంచుకున్నారు?
3. 100 జంటల్లో ఎన్ని జంటల్లో ఒక్క బిడ్డే చిక్కిపోయాడు? దాన్ని బట్టి మీకేం తోచింది?
4. కొత్త మిశ్రమంలో ఉన్న దినుసుల పేర్లు రాయండి. వాటిలో మీ ఊళ్ళో దొరికేవి ఏవి?
5. మీ అంగన్‌వాడీలో పిల్లల్ని నెలనెలా తూస్తున్నారా? లేకపోతే ఎవరిని అడగాలి?

కొత్త మాటలు

సూక్ష్మజీవి – కంటికి కనిపించని చిన్న జీవి
జన్యువు – ఒంటి రాతలో ఒక పనికి సంబంధించిన భాగం
జీనోమ్ – ఒక ప్రాణి రాత మొత్తం
మైక్రోబయోమ్ – ఒంటిలోని సూక్ష్మజీవులు, వాటి జన్యువులు అన్నీ కలిపి
నమూనా – పరీక్ష కోసం తీసుకునే కొంచెం భాగం
మిశ్రమం – కొన్ని దినుసులు కలిపి చేసింది